వానాకాలం గేరు, చలికాలం గేరు

మిక్సీ కొనడానికి వెళ్ళి రంగు చూసి కొనుక్కొచ్చినదాన్ని నేను. అలాంటి నేను లారీ గేరుబాక్సు గురించి రాస్తున్నానంటే మా ఆయన చదువుతున్న పేపరు పక్కన పెట్టి మరీ నవ్వారు. నవ్వితే నవ్వారు. చలికాలంలో ఇడ్లీపిండి పులవదనీ, అదే పిండి మే నెలలో మూత తోసుకుని పొంగుతుందనీ మనకి తెలుసు. సంక్రాంతి రోజుల్లో కొబ్బరినూనె సీసా ఎండలో పెడితే గానీ చుక్క రాలదనీ తెలుసు. ఇంత తెలిసినవాళ్ళకి గేరుబాక్సు సంగతి అర్థం కాకుండా ఎలా పోతుంది?

అసలు కథ ఎక్కడ మొదలైందంటే, మొన్న సంక్రాంతికి మా ఊరు తొర్రూరు వెళ్ళాను. ఒకప్పుడు మాది వరంగల్ జిల్లా. 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా అయింది. జిల్లా మారినా ఊరి నడుమ రోడ్డు మారలేదు. ఇటు పోతే రాయపర్తి, వర్ధన్నపేట, వరంగల్. అటు పోతే మరిపెడ, ఖమ్మం. ఆ రోడ్డు మీద నలభై ఏళ్ళు లారీ నడిపినవాడు మా మేనమామ. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించారు. ఎవరూ ఏమీ అడగరు. అడక్కపోవడమే ఆయనకి పెద్ద రోగం.

సాయంత్రం నాలుగున్నరకి టీ తాగుతుంటే అమెరికా నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. అక్కడ మిన్నెసోటాలో అప్పుడు తెల్లవారుజాము అయిదు. ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం, ఆరింటికి డ్యూటీ ఎక్కాలి. "చిన్నమ్మా, ఇవాళ కూడా బండి కదలట్లేదు" అంది. దానికి ఒక పాత పికప్ ట్రక్కు ఉంది. వెనక తొట్టి ఉన్న, మన చిన్న లారీలాంటి బండి. క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే పడతాయి. ఆ చలికాలం మొదలైన దగ్గర్నుంచీ పొద్దున్నే గేరులో పెడితే చాలాసేపు కదలదు, కదిలితే పై గేరుకి మారదు, ఇంజను మాత్రం అరుస్తుంది. షాపులో చూపిస్తే గేరుబాక్సు పోయింది, కొత్తది వెయ్యాలన్నారట. వాళ్ళు చెప్పిన ఖరీదు ఆ బండి ఖరీదు కంటే ఎక్కువ. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు. బండి లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఫీజుల్లేవు. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయింది దానికి.

నేనేం చెప్పగలను? "మామా, నువ్వొకసారి మాట్లాడు" అని ఫోను మామ చేతికిచ్చాను.

మామ ఏనాడూ క్లచ్ లేని బండి నడపలేదు. ఫోను చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. విని, అయిదు ప్రశ్నలు అడిగాడు.

"పొద్దుగాలనే తంటా పెడతదా బిడ్డా, దినమంతనా?"

"యేడెక్కినంక మంచిగ నడుస్తదా?"

"వాన వడ్డనాడు ఎట్లుంటది?"

"ఎనక గేరు మంచిగ పడతదా?"

"నూనె ఏ రంగున్నది? వాసన జూసినవా?"

మొదటి నాలుగింటికీ అది జవాబు చెప్పింది. పొద్దున్నే, చలిలోనే. వేడెక్కాక బాగానే ఉంటుంది. వానకి సంబంధం లేదు. వెనక గేరు కూడా ఆలస్యంగానే పడుతోంది. అయిదోదానికి మాత్రం "చూడలేదు తాతా" అంది. "అది సూడకుంట గేరుబాక్సు పోయిందని ఎవడన్నడు? సూసి ఫోన్ జెయ్యి" అని పెట్టేశాడు. చాలా రోజుల తర్వాత మామ గొంతులో పాత జోరు విన్నాను.

ఈ ప్రశ్నలు ఆయనకి ఎక్కడివి? అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన తెలంగాణలో సర్కారీ బస్సు 1932లో మొదలైంది. నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు రోడ్డు రవాణా శాఖ పెట్టి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నడిపించారు. అదే తర్వాత పెరిగి పెరిగి 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పెట్రోలుకి రేషను పెట్టేసరికి దేశమంతటా బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టి, ఆ బొగ్గు గ్యాసుతో నడిపారు. మన అమ్మమ్మల నోట 'బొగ్గు బస్సు' అని వినే ఉంటారు. ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చే ఆ బస్సులకి వానాకాలం పెద్ద పరీక్ష. బొగ్గు తడిస్తే పొయ్యి రాజుకోదు, గ్యాసు పుట్టదు, బస్సు కదలదు. తడి కట్టెలతో వంట చేసినవాళ్ళకి ఆ డ్రైవరు కష్టం వేరే చెప్పక్కర్లేదు.

యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వదిలేసిన ఫోర్డు, షెవర్లే లారీలు వేలంలో మన ఊళ్ళకీ చేరాయి. మామ పద్నాలుగో ఏట క్లీనరుగా ఎక్కింది అలాంటి బండే. దాంట్లో గేరు మార్చాలంటే రెండుసార్లు క్లచ్ తొక్కాలి, 'డబుల్ క్లచ్' అంటారు. ఇంజను చప్పుడు చెవితో విని, సరిగ్గా ఆ క్షణానికి గేరు వెయ్యాలి. తప్పితే పళ్ళు నూరినట్టు చప్పుడు. చలికాలం పొద్దున్నే ఆ గేరు రాడ్డు అసలు కదిలేది కాదట. గేరునూనె బెల్లం పాకంలా చిక్కబడి ఉండేది. అందుకే వేసవికి 'వన్ ఫార్టీ' నూనె, మిగతా రోజులకి పల్చటి 'నైంటీ' నూనె పోసేవాళ్ళు. అంకె పెద్దదైతే నూనె చిక్కన అన్నమాట. ఇప్పుడు నూనె డబ్బాల మీద అంకె పక్కన డబ్ల్యూ అని ఉంటుందే, అది వింటరు. ఎముకలు కొరికే చలిలో కూడా ఎంత పల్చగా ఉంటుందో చెప్పే గుర్తు.

చలికి గేర్లు మొరాయించడం మన తొర్రూరులో పుట్టిన బాధ కాదు. 1908 నుంచి 1927 దాకా అమెరికాలో ఫోర్డు కంపెనీ 'మోడల్ టి' అనే కారు తయారు చేసింది. ఒకటీ రెండూ కాదు, కోటీ యాభై లక్షల పైచిలుకు కార్లు. దానికి మన లారీలాంటి గేరు రాడ్డు లేదు, కాళ్ళతో తొక్కే మూడు పెడళ్ళు ఉండేవి. లోపల క్లచ్ బిళ్ళలు నూనెలో మునిగి ఉండేవి. చలికాలం రాత్రి ఆ నూనె చిక్కబడి బిళ్ళలన్నీ అట్లకాడకి అట్టు అంటుకున్నట్టు ఒకదానికొకటి అంటుకుపోయేవి. పొద్దున్నే యజమాని ముందు నిలబడి హేండిలు తిప్పితే, ఇంజను అందుకోగానే కారు ఆగకుండా ఆయన మీదకే వచ్చేది! అందుకని తెలివైనవాళ్ళు వెనక చక్రం ఒకటి జాకీ మీద గాల్లోకి ఎత్తి, అప్పుడు స్టార్టు చేసేవారు.

ఇక క్లచ్ తొక్కే బాధ లేకుండా చేద్దామని జనరల్ మోటార్స్ వాళ్ళు 1939లో 'హైడ్రామేటిక్' అనే ఆటోమేటిక్ గేరు ప్రకటించారు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 57 డాలర్లు అదనంగా ఇస్తే అది బిగించి ఇచ్చేవారు. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో తయారైందది. దాని గుట్టు మన ఇంట్లోనే చూడొచ్చు. రెండు టేబులు ఫ్యానులు ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికే స్విచ్చి వెయ్యండి. దాని గాలికి రెండోది కూడా నెమ్మదిగా తిరుగుతుంది. గాలికి బదులు నూనె ఉందనుకోండి. ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెని విసిరితే, ఆ నూనె తాకిడికి ఎదుటి చక్రం తిరిగి బండిని కదుపుతుంది. హెర్మన్ ఫెటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905 ప్రాంతంలో ఓడల కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. హైడ్రామేటిక్‌ని రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు తేలిక రకం ట్యాంకులకి కూడా బిగించారు.

నూనె పని అక్కడితో ఆగలేదు. ఎప్పుడు ఏ గేరు పడాలో నిర్ణయించేది కూడా ఆ నూనె ఒత్తిడే. సన్నటి దారుల్లో, చిన్న చిన్న కవాటాల్లో తిరుగుతూ ఒక గేరుని వదిలించి ఇంకోదాన్ని పట్టిస్తుంది. మన డ్రైవరు ఎడమకాలూ, ఎడమచెయ్యీ చేసే పని అంతా ఒక్క నూనె చేస్తుందన్నమాట. మరి ఆ నూనెకే చలి పుడితే?

ఇక్కడే ఒక సంగతి చదివి నేను ఆశ్చర్యపోయాను. చలికి త్వరగా గడ్డకట్టకుండా, వేడికి త్వరగా పాడవకుండా ఉండే నూనె కావాలని వెతికి వెతికి, ఆ రోజుల్లో వాళ్ళు గేరునూనెలో కలిపింది తిమింగిలం నూనె! స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగిలం తలలోంచీ ఒంట్లోంచీ తీసేది. ఎక్కడో సముద్రంలో ఈదే ప్రాణి ఇంకెక్కడో రోడ్డు మీద కారు గేర్లు మెత్తగా పడడం కోసం చావడమేమిటి? 1970లో అమెరికా ఆ తిమింగిలాన్ని అంతరించిపోతున్న జీవాల జాబితాలో చేర్చింది. ఆ నూనె దిగుమతి ఆగిపోయేసరికి కంపెనీలు తలలు పట్టుకున్నాయి. బదులుగా వచ్చిన మొదటి రకాల్లో ఒకటి లోపలి లోహపు అతుకుల్నే తినేసింది. మళ్ళీ మార్చారు. చివరికి మనుషులు తయారు చేసిన మందులతోనే సరిపెట్టుకున్నారు. ఎడారిలో పెరిగే హొహోబా అనే పొద గింజల నూనెకీ తిమింగిలం నూనె గుణమే ఉందని తేలింది. దాన్ని మన రాజస్థాన్‌లో కూడా సాగు చేశారు. ఇప్పుడది ఎక్కువగా మొహానికి రాసుకునే క్రీముల్లో కనిపిస్తుంది. మీ అమ్మాయి క్రీము డబ్బా ఒకసారి తిప్పి చూడండి.

సరే, మళ్ళీ మన ఊరికి వద్దాం. ఫోను చేసిన ఆ పిల్లకి ఇంట్లో పేరు 'లారీ పాప'. ఆ పేరు ఊరికే రాలేదు.

1976 శ్రావణమాసం. మా అక్క కాన్పుకి వచ్చి ఉంది. మూడు రోజుల ముసురు. రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, వరంగల్ తీసుకెళ్ళండి అంది. ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది. ఫోను చెయ్యగానే వచ్చే 108 అంబులెన్సులు మనకి 2005లో గానీ రాలేదు కదా. మామ అప్పుడే మిర్చి బస్తాలు దించి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. కంచం పక్కకి జరిపి లేచాడు. టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ, అప్పటికే పాతది. క్యాబిన్‌లో అక్కా, అమ్మా. వెనక టార్పాలిన్ కింద నేనూ, మంత్రసానీ, క్లీనరూ. బస్తాల మిర్చి ఘాటుకి తుమ్ములు ఒక పక్క, లోపల్నుంచి అక్క అరుపులు ఒక పక్క.

వర్ధన్నపేట ఇంకా రాకముందే ఒక కల్వర్టు మీంచి నీళ్ళు పారుతున్నాయి. మామ దిగి కర్రతో లోతు చూసి, మెల్లగా దాటించాడు. హమ్మయ్య అనుకున్నామో లేదో, అవతల గట్టెక్కగానే లారీ ఆగిపోయింది. ఇంజను హోరుమంటోంది, చక్రాలు కదలవు. క్లీనరు గేరుబాక్సు పోయిందన్నాడు, విప్పుదామన్నాడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు. ఆ చీకట్లో, ఆ వానలో గేరుబాక్సు విప్పితే తెల్లారేదాకా కదలం. తెల్లారేదాకా అక్క ఆగగలదా?

మామ సీట్లోంచి లేవలేదు. గేరు రాడ్డుని ఒకటికీ, రెండుకీ, వెనక్కీ మార్చి మార్చి చూశాడు. "సప్పుడు లేకుంట గేరు వడుతున్నది. డబ్బాకేం గాలె. ఇంజన్ మంచిగనే తిరుగుతున్నది. నడుమ క్లచ్ జారుతున్నది. ఇంతకుముందు లేని రోగం నీళ్ళు దాటినంకనే ఎట్లొచ్చింది? క్లచ్‌ల నీళ్ళు వడ్డయ్. నీళ్ళు దెచ్చిన రోగం యేడితోని పోతది" అన్నాడు. ఇంజను ఆపకుండా అలాగే ఉంచి, మధ్య మధ్య క్లచ్‌ని కొద్దికొద్దిగా తొక్కి వదులుతూ కూర్చున్నాడు. పావుగంటే పట్టింది. నాకది పావు యుగం. తర్వాత మొదటి గేరులో వేస్తే, లారీ ఒళ్ళు విరుచుకున్నట్టు ఒకసారి ఊగి కదిలింది. ఆస్పత్రి చేరిన గంటకి ఆపరేషను చేసి బిడ్డని తీశారు. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు.

మర్నాడు మామ మమ్మల్ని వదిలి మళ్ళీ లారీ దగ్గరికే వెళ్ళాడు. "రాత్రి బాగయింది కదా, ఇంకెందుకు?" అన్నాను. నన్ను పిలిచి చూపించాడు. గేరుబాక్సు కింద బిరడా తీసి నూనె డబ్బాలోకి పట్టాడు. నల్లగా ఉండాల్సిన నూనె పాలు పోసిన టీ రంగులో ఉంది. క్లచ్ ఆరింది గానీ గేరుబాక్సులోకి చేరిన నీళ్ళు ఆరవు, అలాగే నడిపితే లోపల బేరింగులు తుప్పుపట్టి నెల తిరక్కుండా నిజంగానే పోతుంది అన్నాడు. ఆ నూనె పారబోసి కొత్త నైంటీ నూనె పోశాడు. రోగం తగ్గాక కూడా పథ్యం చేయించడమంటే ఇదే కాబోలు.

ఇప్పుడు మామ అయిదు ప్రశ్నలూ మళ్ళీ చదవండి. ఆ రాత్రి నేర్పినవే అవి. చలిలోనే మొరాయించి వేడెక్కాక సర్దుకుంటే, చిక్కబడిన పాతనూనె గానీ, తగ్గిపోయిన నూనె గానీ, వయసుకి గట్టిపడిన రబ్బరు సీళ్ళు గానీ కారణం. చలికి నూనె కుంచించుకుని మట్టం ఇంకా పడిపోతుంది. సీళ్ళు బిగుసుకుని ఒత్తిడి నిలవనివ్వవు. వేడికి రెండూ సర్దుకుంటాయి. అలాక్కాకుండా వేడెక్కాకే జారుతుంటే, అది నూనె మాడిన లక్షణం, లోపల బిళ్ళలు అరిగిన లక్షణం. అది నిజంగా పెద్ద జబ్బు. వాన పడ్డనాడే తంటా అయితే చూడాల్సింది వైర్లు. 1980ల నుంచి ఈ గేర్లకి కంప్యూటర్లు వచ్చాయి. వైరు అతుకుల్లో తడి చేరితే కంప్యూటరుకి సంగతి తెలియక, బండిని ఒక్క గేరులోనే పెట్టేసి, ఎలాగో కుంటుకుంటూ ఇల్లు చేరమంటుంది. అప్పుడు గేరుబాక్సు విప్పించడం, దగ్గు వస్తే కాలికి కట్టు కట్టించుకోవడం లాంటిది. ఇక ముందు గేరూ వెనక గేరూ రెండూ ఆలస్యంగా పడుతుంటే, అన్నింటికీ కావాల్సింది ఒక్కటే, నూనె. అది చాలట్లేదని అర్థం.

గంట తర్వాత లారీ పాప మళ్ళీ ఫోను చేసింది. పక్కింటాయన బండిలో డ్యూటీకి వెళ్తూ వెళ్తూ నూనె పుల్ల తీసి చూసిందట. పాత బండి కాబట్టి ఇంకా ఆ పుల్ల ఉంది. ఆటోమేటిక్ గేరునూనెకి ఎర్రరంగు కలుపుతారు. నీళ్ళు కలిస్తే రోజ్‌మిల్క్‌లా అవుతుంది, మాడితే నల్లబడి కమురు వాసన వేస్తుంది. దీని నూనె గోధుమరంగుకి తిరిగింది గానీ నల్లబడలేదు, మాడు వాసనా లేదు. పుల్ల చివరన మాత్రమే అంటింది.

"కారుతున్నది" అన్నాడు మామ. "బండి నిలవెట్టిన కాడ కింద సూడు."

మంచు మీద ఎర్రటి మరక. అన్నాళ్ళూ అది చూసుకోలేదు.

ఇంకో మెకానిక్కుని పిలిచి చూపించుకుంది. గట్టిపడిపోయిన సీలు ఒకటి మార్చి, ఫిల్టరు మార్చి, ఆ బండికి చెప్పిన రకం నూనెనే పోసి, ఇంజను వేడెక్కాక, చదునైన చోట, ఇంజను తిరుగుతుండగానే మట్టం సరిచూశాడు. మొదటి షాపువాళ్ళు చెప్పిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. అందరి బండ్లూ ఇలాగే బాగవుతాయని నేననను. నూనె నల్లబడి కమురు వాసన వచ్చి ఉంటే మామ కూడా గేరుబాక్సు విప్పించమనేవాడు. విప్పే ముందు అడగాల్సినవి అడగమనే ఆయన పట్టంతా.

వారం తర్వాత మళ్ళీ కంగారుగా ఫోను. "తాతా, అంతా బాగానే ఉంది గానీ, పొద్దున్నే మొదటి పది నిమిషాలు పై గేరు మాత్రం పడట్లేదు." నాకు గుండె జారింది. మెకానిక్కుని అడిగితే తేలిందేమిటంటే, అది రోగం కాదట. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్న చలిలో నూనె వేడెక్కేదాకా పై గేరు పడకుండా తయారు చేసినవాళ్ళే అలా ఏర్పాటు చేశారట.

ఆ మాట మామకి చెబుదామని వాకిట్లోకి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. "లే మామా, టీ కొట్టు దాకా నడిచొద్దాం, నీకో మంచి కబురు చెప్తాను" అన్నాను.

"జరంత ఎండెక్కనీ బిడ్డా" అన్నాడు మోకాళ్ళు రుద్దుకుంటూ. "నాగ్గూడ పొద్దుగాల పై గేరు వడదు."